పక్కనే ఉన్న లైబ్రరీ కనబడదేం?

ప్రశ్న: లినక్స్‌లో రాసిన నా సీ ప్రోగ్రామ్ ఇంట్లో నడుస్తోంది. దాన్నీ, అది వాడే ‘.ఎస్ఓ’ లైబ్రరీనీ కాలేజీ ల్యాబ్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టినా ‘షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్ తెరవలేం’ అని ఆగిపోతోంది. ల్యాబ్‌లో రూట్ (అడ్మిన్) అనుమతి లేదు.
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు దానికి కావలసిన లైబ్రరీలను వెతికి తెచ్చేది లోడర్. పక్కనే ఉన్నంత మాత్రాన అది అక్కడ వెతకదమ్మా. ముందు ‘ఎల్‌డీ_లైబ్రరీ_పాత్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోని ఫోల్డర్లు, తర్వాత ప్రోగ్రామ్‌లోనే రాసి ఉన్న ఫోల్డర్ల జాబితా (రన్‌పాత్), ఆపైన సిస్టమ్ కాష్ (సిస్టమ్ ముందే రాసిపెట్టుకున్న లైబ్రరీల జాబితా), చివరికి ‘/లిబ్’, ‘/యూఎస్ఆర్/లిబ్’: ఇదీ వరుస. మొదటిది పరీక్షకే వాడండి; శాశ్వతంగా పెడితే వేరే ప్రోగ్రాములకూ తప్పు లైబ్రరీ తగులుకుంటుంది.

మీకు సరైన దారి రన్‌పాత్. కంపైలర్ జీసీసీకి ‘-డబ్ల్యూఎల్,-ఆర్‌పాత్,’ తర్వాత ‘$ఒరిజిన్’ ఇవ్వండి, పెద్ద అక్షరాల్లో. ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ అని దానర్థం. దాని చుట్టూ సింగిల్ కోట్స్ తప్పనిసరి. లేకపోతే మీ కమాండ్లు చదివే షెల్ దాన్ని ఖాళీ చేసేస్తుంది, ఎర్రర్ కూడా చూపదు. మేక్‌ఫైల్‌లో (కంపైల్ ఆదేశాలు రాసుకునే ఫైలు) అయితే డాలర్ రెండుసార్లు. మళ్లీ కంపైల్ చేయలేకపోతే, తయారైన ప్రోగ్రామ్‌లోనే రన్‌పాత్ మార్చే ‘ప్యాచ్‌ఎల్ఫ్ --సెట్-ఆర్‌పాత్’ చాలు. రన్‌పాత్ పడిందో లేదో ‘రీడ్‌ఎల్ఫ్ -డీ’తో సరిచూసుకోండి.

ప్రోగ్రామ్‌లోని రన్‌పాత్ అది నేరుగా అడిగిన లైబ్రరీలకే వర్తిస్తుంది. మీ లైబ్రరీ ఇంకో లైబ్రరీని అడిగితే, మీ లైబ్రరీలోనూ విడిగా రన్‌పాత్ రాయాలి; చాలామంది తడబడేది ఇక్కడే. ‘ఎల్‌డీ_డీబగ్=లిబ్స్’ పెట్టి నడిపితే లోడర్ ఎక్కడెక్కడ వెతికిందో వరుసగా కనిపిస్తుంది.

‘జీలిబ్‌సీ’ (లినక్స్‌లోని ప్రాథమిక సీ లైబ్రరీ) వెర్షన్ దొరకలేదంటే మాత్రం ఇంటి నుంచి దాని ‘లిబ్‌సీ’ ఫైలు ఒక్కటే తేకండి. అది లోడర్‌తో జతగా ఉండాలి, లేదంటే క్రాష్ అవుతుంది. ల్యాబ్ మెషీన్‌లోనే కంపైల్ చేయండి.