‘రెండో ఈత’ అని ప్రకటన, వచ్చినవి వయసు మళ్లిన గేదెలు: వ్యాపారిపై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: ఐదు నెలల క్రితం ఒక పశువుల వ్యాపారి పెట్టిన వీడియో ప్రకటన చూసి రెండు పాడి గేదెలు కొన్నాను. ‘రెండో ఈత, రోజుకు 14 లీటర్ల పాలు, మూడు నెలల చూడి’ అని అందులో రాసి ఉంది, అంటే ఇప్పటికి రెండుసార్లే ఈనాయని, మూడు నెలల గర్భంతో ఉన్నాయని. ఇంటికి తెచ్చాక ఒక్కోటి రెండు పూటలా కలిపి ఏడు లీటర్లు దాటలేదు. నలభై రోజులు చూసి పశువైద్యుడికి చూపిస్తే రెంటికీ చూడి లేదన్నారు, పళ్లు చూసి వయసు కూడా ఎక్కువేనన్నారు. నా భార్య నగలు తాకట్టు పెట్టి కొన్న పశువులివి. వ్యాపారిని అడిగితే ‘చూసుకునే కొన్నావు కదా’ అంటున్నాడు. వీడియో కూడా తీసేశాడు. నా ఫోనులో దాని కాపీ ఉంది. ధరలో నాలుగో వంతు ఇంకా ఇవ్వాలి. అదే వీడియో పెట్టి వీటిని మరొకరికి అమ్మేసి బయటపడవచ్చా? – ఒక పాడి రైతు

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అమ్మవద్దు. ఆ వీడియోలోని మాటలు అబద్ధమని ఇప్పుడు మీకు తెలుసు. తెలిసి అవే మాటలతో అమ్మితే కొత్తగా కొన్నవారి ఎదుట మోసగాడు మీరవుతారు. ఒప్పంద చట్టం 17వ సెక్షన్ ప్రకారం అది మోసం, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద క్రిమినల్ కేసుకూ దారి తీస్తుంది. మీ వ్యాపారి దాని వల్ల తప్పించుకుంటాడు. మీ కేసుకు అసలు సాక్ష్యం ఆ గేదెలే. అవి చేయి దాటాక ఏ కోర్టు దేన్ని పరీక్షిస్తుంది? నిజం చెప్పి, తగ్గిన ధరకు అమ్మడంలో తప్పు లేదు, కానీ అదీ నేను కింద చెప్పే పనులన్నీ అయ్యాకే.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో మొదటి ఫిర్యాదు పాల గురించే. పాల మీద కేసు నడిపితే ఓడిపోయే అవకాశమే ఎక్కువ. లారీ ప్రయాణం, కొత్త పాక, మారిన మేత, కొత్త చేయి – వీటన్నిటి వల్ల గేదె పాలు తగ్గుతాయని వ్యాపారి వాదిస్తాడు, పశువైద్యుడు కూడా కాదనలేడు. వీడియోలో నిండిన బకెట్ కనిపించినా, అది ఒక పూట పాలా, ముందు పూట పిండకుండా ఆపి తీసిన పాలా అన్నది వీడియో చెప్పదు. చూడి విషయమూ అంతే. ‘నా దగ్గర ఉన్నప్పుడు చూడే, దారిలో ఈసుకుపోయి (గర్భం పోయి) ఉంటుంది’ అంటాడు. నలభై రోజుల తర్వాత చేయించిన పరీక్ష ఆ మాటను అబద్ధమని తేల్చలేదు. పశువులు దిగిన వారంలోపే పరీక్ష చేయించి ఉంటే ఈ వాదనకు చోటే ఉండేది కాదు. నగలు తాకట్టు పెట్టి పశువును కొన్న మనిషి, డాక్టరును పిలవడానికి నలభై రోజులు ఆగడం ఏమిటి?

మీ కేసు ‘రెండో ఈత’ అన్న మాట మీద నిలుస్తుంది. ప్రయాణంలో పాలు తగ్గవచ్చు, చూడి పోవచ్చు. పళ్లు మాత్రం అరగవు, ఈతల సంఖ్య పెరగదు. వయసు గురించి మీరు ఒక్క వాక్యం రాసి వదిలేశారు. మిమ్మల్ని గట్టెక్కించేది ఆ వాక్యమే.

‘చూసుకునే కొన్నావు కదా’ అన్న మాటకు చట్టంలో కొంత బలం ఉంది. ఒప్పంద చట్టం 17వ సెక్షన్ కిందే ఒక ఉదాహరణ ఇచ్చారు: గుర్రానికి లోపం ఉందని తెలిసీ వేలంలో ఏమీ చెప్పకుండా అమ్మితే, కేవలం ఆ మౌనం మోసం కాదు. కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను’ అన్నప్పుడు అమ్మేవాడు నోరు మెదపకపోతే ఆ మౌనం మాటతో సమానమని మరో ఉదాహరణ. మీ వ్యాపారి మౌనంగా లేడు. రాసి మరీ చెప్పాడు. ‘మంచి గేదె, పాల కుండ’ అని ఉంటే అది అమ్మకందారు పొగడ్తే, దాని మీద కేసు నిలవదు. ‘రెండో ఈత’ అన్నది అవునో కాదో తేల్చగలిగిన విషయం. అది వస్తువు వర్ణన కిందికి వస్తుంది. వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలని వస్తు విక్రయ చట్టం, 1930లోని 15వ సెక్షన్ అంటుంది. కాస్త జాగ్రత్తపడితే నిజం తెలిసేదే కదా అన్న మినహాయింపు ఒప్పంద చట్టం 19వ సెక్షన్‌లో ఉంది. అది పొరపాటున చెప్పిన మాటకు, మౌనంగా దాచినదానికి వర్తిస్తుంది, తెలిసి చెప్పిన అబద్ధానికి కాదు.

అయితే ఆ గేదెలే ఈ గేదెలని మీరు నిరూపించగలరా? మీ ఫోనులోని వీడియోను ఆపి ఆపి చూడండి. చెవికి పసుపు ట్యాగు కనిపిస్తుందా? దాని మీద 12 అంకెలు ఉంటాయి. అవి చదవగలిగితే, మీ పాకలోని గేదె చెవి ట్యాగుతో సరిపోతే, సగం కేసు అక్కడే గెలిచినట్టు. ఆ నంబరు మీద నమోదైన ఈతలు, కృత్రిమ గర్భధారణ తేదీలు పశువుల ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదు అయిన ‘భారత్ పశుధన్’ వివరాల్లో ఉండవచ్చు. మీ ప్రాంత ప్రభుత్వ పశువైద్యాధికారిని రాతపూర్వకంగా అడగండి. నాలుగో ఈత అని అక్కడ నమోదై ఉంటే వ్యాపారికి జవాబు ఉండదు. చూడి కట్టించిన తేదీలు దొరికితే, ఇందాక బలహీనమన్న చూడి వాదన కూడా లేచి నిలబడుతుంది. ట్యాగు కనిపించకపోతే కొమ్ముల వంపు, నుదుటి చుక్క, పొదుగు మీది మచ్చ లాంటి గుర్తులను వీడియోతో పోల్చి, అదే కోణంలో ఇప్పుడు ఫోటోలు తీసి పెట్టండి.

పశువైద్యుడు నోటితో చెప్పింది సాక్ష్యం కాదు. ట్యాగు నంబరు, పరీక్షించిన తేదీ, పళ్ల స్థితి, అంచనా వయసు రాసి సంతకం, ముద్ర వేసిన ధ్రువపత్రం ఈ వారమే తీసుకోండి.

ఆ వీడియో ఉన్న ఫోను మార్చవద్దు, రీసెట్ చేయవద్దు. కాపీని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, మరో భాగం నిపుణుడు సంతకం చేయాలి. స్క్రీన్‌షాట్ ముద్రించి ఇస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆ వీడియోను మీకు పంపినవారు, అప్పట్లో మీతో పాటు చూసినవారు ఉంటే వారి పేర్లు రాసుకోండి. వ్యాపారికి చెల్లించిన బ్యాంకు వివరాలు, అతని సందేశాలు, మాట సందేశాలు కూడా భద్రం.

గేదెలను తిరిగి ఇచ్చేసే హక్కు మాత్రం దాదాపు చేయి దాటింది. సరుకును తిరస్కరిస్తున్నానని సకాలంలో చెప్పకుండా ఉంచుకుంటే అంగీకరించినట్టేనని వస్తు విక్రయ చట్టం 42వ సెక్షన్ చెబుతుంది. ఐదు నెలలు పాలు పిండుకున్నాక తిరస్కరిస్తానంటే కోర్టు వినడం కష్టం. మొదట్లోనే ‘ఇవి నాకు వద్దు’ అని ఒక్క సందేశం పంపి ఉంటే చాలేది. 43వ సెక్షన్ ప్రకారం వాటిని లారీ ఎక్కించి వెనక్కి పంపాల్సిన పని కూడా కొనుగోలుదారుకు లేదు. ఇప్పుడు మీకు మిగిలింది 59వ సెక్షన్: హామీ తప్పినందుకు ధరలో తగ్గింపు, నష్టం అంతకు మించితే పరిహారం. చెప్పిన వయసు గేదెకు ఉండే ధరకూ, నిజంగా వచ్చిన గేదె ధరకూ ఉన్న తేడాయే మీ లెక్కకు మూలం. మీరు ఇవ్వాల్సిన నాలుగో వంతు సొమ్మును ఆ తేడాకు సర్దుబాటు చేసుకుంటున్నానని రాతపూర్వకంగా చెప్పండి. ఊరికే ఎగ్గొట్టినట్టు కనిపించకూడదు. బాకీకి చెక్కు ఇచ్చి ఉంటే, న్యాయవాదితో మాట్లాడకుండా చెల్లింపు ఆపించవద్దు. ఆపించినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్కు బౌన్స్ కేసు రావచ్చు.

న్యాయవాది ద్వారా నోటీసు పంపండి. అందులో ప్రకటన మాటలు ఉన్నవి ఉన్నట్టు, ట్యాగు నంబర్లు, పశువైద్యుడి ధ్రువపత్రం తేదీ, మీరు కోరే మొత్తం ఉండాలి. నగల తాకట్టు గురించి అక్కర్లేదు. స్పీడ్ పోస్టు రసీదు, అందినట్టు రుజువు దాచండి.

తర్వాత మీకు దగ్గరి దారి మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకైతే ఫీజు లేదు. ‘లాభం కోసం కొన్నాడు, వినియోగదారుడే కాడు’ అని అవతలివారు అంటారు. స్వయంఉపాధితో బతుకు తెరువు కోసమే కొన్నవారిని చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. రెండు గేదెలను మీరే మేపి పిండుకుంటున్నారని ఫిర్యాదులో స్పష్టంగా రాయించండి. జీతగాళ్లను పెట్టి పెద్ద డెయిరీ నడుపుతుంటే మాత్రం సివిల్ కోర్టుకే వెళ్లాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ పడే జరిమానా మీ చేతికి రాదు. పోలీసు ఫిర్యాదు కూడా చేయవచ్చు కానీ, అమ్మేనాటికే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. ట్యాగు వివరాలు చేతికి వచ్చాక వెళితే ‘ఇది సివిల్ తగాదా’ అని పంపేయడం వారికి అంత తేలిక కాదు.

వినియోగదారుల కమిషన్‌కు గడువు రెండేళ్లు, సివిల్ దావాకు మూడేళ్లు. ఐదు నెలలు అప్పుడే గడిచాయి. వ్యాపారి ‘మాట్లాడుకుందాం, వచ్చే నెల చూద్దాం’ అన్నా, మీరు ఎన్ని నోటీసులు పంపినా ఆ గడువు ఆగదు. నోటీసులో 15 రోజులు ఇవ్వండి. జవాబు రాకపోతే పదహారో రోజున ఫిర్యాదు దాఖలు చేయించండి.