కాలువల చరిత్ర కోసం గ్రంథాలయానికి వెళ్లాలా, ఆన్‌లైన్ చాలదా?

మీరు భీమవరం వైపు కాలువల చరిత్ర మీద పీజీ ప్రాజెక్టు చేస్తున్నారు. ‘పశ్చిమ గోదావరి’ అని ఎక్కడ వెతికినా పాతకాలపు సంగతులు దొరకడం లేదు, గ్రంథాలయానికి వెళితే ప్రయోజనం ఉంటుందా అని అడిగారు. తూర్పు డెల్టా కాలువల మీద పరిశోధన చేసినవాడిగా చెబుతున్నాను, తప్పకుండా వెళ్లండి.

మీకు కావలసిన సమాచారం ఉంది. కానీ మీరు వెతుకుతున్న జిల్లా అప్పటికి పుట్టలేదు. అది ఏర్పడింది 1925లో. ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం ప్రాంతాలు 1859 నుంచి 1904 వరకు గోదావరి జిల్లాలో ఉండేవి, ఆ ఏడాది కృష్ణా జిల్లాలో కలిశాయి. కాబట్టి 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి సంగతులకు రాజమండ్రి, మచిలీపట్నం జిల్లాల పేర్లతో, 1859 తర్వాతి వాటికి గోదావరి అని, 1910 నాటి కాలువ పనులకు కృష్ణా అని వెతకాలి. అదీ ఆనాటి ఇంగ్లీషు వర్ణక్రమంలో: గోదావెరీ (Godavery), కిస్ట్నా (Kistna), ఎల్లోర్ (Ellore, ఏలూరు). హెమింగ్వే రాసిన 1907 గోదావరి జిల్లా గెజిటీరులో (జిల్లా వివరాల ప్రభుత్వ గ్రంథం) మీ తాలూకాల వివరాలు ఆశించకండి, అప్పటికే అవి కృష్ణా జిల్లాకు వెళ్లిపోయాయి. హెన్రీ మోరిస్ 1878లో రాసిన గోదావరి జిల్లా చరిత్ర మీకు ఎక్కువ ఉపయోగం. రెండూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదవవచ్చు.

ఈ సరిహద్దుల లెక్క నాకు తెలిసింది రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో. ధవళేశ్వరం కాలువల గురించి అడిగితే అక్కడి ఉద్యోగి ముందుగా అడిగిన మాట, ‘ఏ సంవత్సరం, ఏ తాలూకా?’ ఏ డేటాబేసూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. అడిగిన పేరుకు ఉన్నది చూపడమే దాని పని. ఆ రెండూ తేల్చుకున్నాక అదే డేటాబేసులో ఎన్నో పుటలు బయటపడ్డాయి. అందుకే ముందు గ్రంథాలయం, తర్వాత కంప్యూటర్ అంటాను.

శోధ్‌గంగలో (భారతీయ విశ్వవిద్యాలయాల పరిశోధనలు ఉంచే వెబ్‌సైటు) సిద్ధాంత గ్రంథాలను చివరి నుంచి చదవండి. ఉపయుక్త గ్రంథాల పట్టికలో ప్రభుత్వ ఉత్తర్వుల నంబర్లు, తేదీలు ఉంటాయి. నాకు అన్నిటికన్నా విలువైన పుటలు అవే. పరిశోధన పత్రికల వెబ్‌సైటు జేస్టోర్‌లో (JSTOR) ఉచిత ఖాతా తెరిచినా కొన్ని వ్యాసాలు చదువుకోవచ్చు. మీది ప్రభుత్వ విద్యాసంస్థ అయితే పరిశోధన పత్రికలను అందించే కేంద్ర పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ మీకు అందుతుందేమో లైబ్రేరియన్‌ను అడగండి. 2025 నుంచి అమల్లో ఉంది.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు అసలు దస్త్రాలు చూడాలనుకుంటే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లవలసిందే. వెళ్లే ముందు శాఖ పేరు, ఉత్తర్వు నంబరు, తేదీ కాగితం మీద రాసుకోండి. కాలేజీ నుంచి పరిచయ పత్రం కూడా తీసుకోండి.