రుమాటిక్ జ్వరం పేదింటి పిల్లలకే ఎందుకు ఎక్కువ? ఇరుకింటికీ దానికీ సంబంధం ఉందా?

ఉంది. మా తమ్ముడి గుండె పాడుచేసింది మేం ఏడుగురం పడుకున్న ఆ ఒక్క గదే. డాక్టర్లు ఇంత గట్టిగా చెప్పకపోవచ్చు, నేను చెబుతాను.

విజయవాడలో కొండమీద అద్దెకుండేవాళ్లం. రేకుల గది, వంటా అందులోనే. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. రాత్రి చాపలు పరిస్తే గోడవారన నాన్నమ్మ, తర్వాత ముగ్గురు పిల్లలం, అమ్మ, నాన్న, గుమ్మం దగ్గర బాబాయి. మనిషికింతని నీళ్ల డబ్బులు లెక్కగట్టే ఇంటి ఓనరు, ఆ రేకుల మీద గాలికి ఒక గొట్టమైనా పెట్టించలేదు.

1996 వానాకాలంలో ముందు నాకు గొంతునొప్పి వచ్చింది. నాలుగు రోజుల్లో చెల్లికి, ఆ వెంటనే తమ్ముడికి. మిరియాల పాలు తాగాం, తగ్గింది. మూడు వారాలకి వాడి మోకాలు వాచింది. అది తగ్గేసరికి చీలమండ, ఆ తర్వాత మోచెయ్యి. దుప్పటి తగిలినా ఏడ్చేవాడు. తొమ్మిదేళ్లు వాడికి. "ఎదిగే పిల్లాడు, కాళ్లు లాగుతాయిలే" అని నాన్నమ్మ జండూబామ్ రాసింది. ఆర్‌ఎంపీ నొప్పి మాత్రలిచ్చాడు. నొప్పులు పోయాయి గానీ ఇంటికొచ్చే మెట్లమీద ముప్పై ఎక్కేసరికి ఆయాసంతో కూలబడేవాడు. బద్ధకమని నాన్న ఒకసారి కొట్టారు. ఆ దెబ్బని ఆయన పోయేదాకా తలుచుకున్నారు. చివరికి పెద్దాసుపత్రిలో ఎకో (గుండె స్కానింగ్) తీస్తే, రుమాటిక్ జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ కవాటం లీకవుతోందన్నారు.

తిండి చాలక వస్తుందనేవాళ్లతో నాకు పేచీ. మా ఇంట్లో తిండికి లోటు లేదు, చోటుకే లోటు. గొంతులో చేరే స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి దగ్గు తుంపర్లతో పక్కవాళ్లకి పాకుతుంది. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో కొందరికి, ఆ క్రిమి మీదకి పోవాల్సిన ఒంట్లోని రక్షణ కీళ్లమీదా గుండెమీదా తిరగబడుతుంది. మొహాలు ఆనించుకుని పడుకునే ఇంట్లో ఆ గొంతునొప్పి మళ్లీ మళ్లీ తిరుగుతూనే ఉంటుంది. అమెరికాలో, డెన్మార్క్‌లో పెన్సిలిన్ రాకముందే ఈ జ్వరం తగ్గుముఖం పట్టింది. ఇళ్లు మెరుగవడం వల్లేనని నా నమ్మకం. న్యూజిలాండ్‌లో 2013 నుంచి ఈ జ్వరాన్ని తగ్గించాలనే ఇరుకిళ్లలోని కుటుంబాలకి సాయం మొదలుపెట్టారు. మన దగ్గర ఆపరేషన్‌కి ఆరోగ్యశ్రీ ఉంది, సంతోషమే. కానీ అది కవాటం చెడ్డాక కదా! ఆ పిల్లాడు ఎంత జాగాలో పడుకుంటున్నాడని మమ్మల్ని ఒక్క డాక్టరూ అడగలేదు.

ఆ జ్వరం మళ్లీ రాకుండా తమ్ముడికి 21 రోజులకోసారి పెనిడ్యూర్ అనే పెన్సిలిన్ ఇంజెక్షన్, 12 లక్షల యూనిట్లు. నలభై ఏళ్లొచ్చేదాకా మానొద్దన్నారు. మందు చిక్కన, సూది లావు, పొడిస్తే రెండ్రోజులు కుంటుతాడు. రియాక్షనొస్తుందని భయపడి వెయ్యడానికే చాలామంది ఒప్పుకోరు. పోయిన నెల కూడా మందు చేతిలో పట్టుకుని మూడు క్లినిక్కులు తిరిగాం. నాలుగో చోట ఒక నర్సమ్మ టెస్ట్ డోస్ వేసి, అరగంట దగ్గరే కూర్చుని, అప్పుడు వేసింది.