జీతం పెంచితే పల్లెల్లో నర్సులు నిలుస్తారా? మలావీ అనుభవం

జీతం పెంపు నర్సులను దేశంలో నిలపడానికి తోడ్పడుతుంది గాని, పల్లెలో నిలపడానికి అదొక్కటే చాలదని ఆఫ్రికాలోని మలావీ అనుభవం సూచిస్తోంది. నర్సులు బ్రిటన్ వంటి దేశాలకు వలస పోవడం వల్లనూ, హెచ్‌ఐవీ వ్యాధి వైద్య సిబ్బందిని సైతం బలిగొనడం వల్లనూ ఆసుపత్రులు ఖాళీ అవుతున్న దశలో, 2004లో అక్కడి ప్రభుత్వం బ్రిటన్ సహాయంతోనూ, ఎయిడ్స్, క్షయ, మలేరియాల నివారణకు నిధులిచ్చే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఫండ్ సహాయంతోనూ ఒక అత్యవసర పథకాన్ని రూపొందించి, నర్సులతో సహా 11 వర్గాల సిబ్బందికి జీతంపై 52 శాతం అదనంగా చెల్లించడంతో పాటు శిక్షణ సంస్థలను విస్తరించింది. ఆ వర్గాల సిబ్బంది 2004లో సుమారు 5,450 మంది ఉండగా, 2009 నాటికి దాదాపు 8,370కి చేరారు.

అయితే ఈ పెంపు నగరంలోని నర్సుకూ, మారుమూల ఆరోగ్య కేంద్రంలోని నర్సుకూ ఒకే నిష్పత్తిలో అందింది కనుక, పల్లెకు వెళ్లడానికి ప్రత్యేక కారణాన్ని కల్పించలేదు. రాత్రి వేళ కాన్పు కేసును ఒంటరిగా చూసుకోవలసిన నర్సు, డబ్బుతో పాటు నివాస గృహం, నీరు, విద్యుత్తు, పిల్లల బడి, భర్త ఉద్యోగం కూడా లెక్క వేసుకుంటుంది.

అందువల్లనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో వెలువరించి 2021లో సవరించిన మార్గదర్శకాలు గ్రామీణ విద్యార్థులను ఎంపిక చేయడం, పల్లెల్లోనే శిక్షణ ఇవ్వడం, వసతి, పదోన్నతి అవకాశాలు కల్పించడం వంటి చర్యలను కలిపి అమలు చేయాలని సూచిస్తున్నాయి. శిక్షణ ఖర్చుకు బదులుగా కొంతకాలం పనిచేస్తామని రాయించుకునే సేవా ఒప్పందాలు, నా దృష్టిలో, గడువు తీరేవరకే పనిచేస్తాయి.