వాణిజ్య అర్థశాస్త్రంలోకి దిగుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పీహెచ్‌డీకి అంతర్జాతీయ వాణిజ్యాన్నే ఎంచుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. ముప్పై ఏళ్లు ఈ పాఠాలే చెప్పినవాడిగా నీకు ముందుగా చెప్పవలసింది ఒకటుంది. గణిత నమూనాల వెంట పడేముందు ఏదైనా ఒక్క సరుకు ఆనుపానులు పూర్తిగా తెలుసుకో.

సిద్ధాంతం అక్కర్లేదని నా ఉద్దేశం కాదు. అర్థశాస్త్రవేత్తలు పాల్ క్రుగ్మన్ 1979లో, మార్క్ మెలిట్జ్ 2003లో వాణిజ్యం మీద రాసిన వ్యాసాల్లోని సమీకరణాలను నీ చేత్తో నువ్వు సాధించనిదే మొదటి ఏడాది దాటవద్దు. విదేశానికి సరుకు పంపడానికయ్యే స్థిర వ్యయాన్ని తట్టుకోగల ఉత్పాదకత ఉన్న సంస్థలే ఎగుమతి చేస్తాయని మెలిట్జ్ చూపించాడు. అదే మాటను భీమవరంలో చెరువు గట్టు మీద నిలబడి తలచుకుంటే మరో ప్రశ్న పుడుతుంది: రొయ్యను పెంచేది రైతు, ఎగుమతి చేసేది ప్రాసెసింగ్ ప్లాంటు, మరీ చవగ్గా అమ్ముతున్నామంటూ 2005 నుంచి అమెరికా మన రొయ్య మీద వేస్తున్న డంపింగ్ నిరోధక సుంకమేమో కంపెనీని బట్టి మారుతుంది, మరి ఆ భారంలో రైతు వంతు ఎంత? థీసిస్‌కు సరిపడే ప్రశ్న ఇలాంటిదే.

లెక్కల దగ్గర నేను చేసిన పొరపాటు కూడా విను. ఒక వ్యాసం కోసం రొయ్యల ఎగుమతులు చూస్తుంటే 2012లో గడ్డకట్టించిన రొయ్యలకు కస్టమ్స్ లెక్కల్లో ఉండే 030613 కోడ్ కింద అంకెలు ఒక్కసారిగా మాయమయ్యాయి. ఏదో ఉపద్రవం జరిగిందనుకొని కారణాలు వెతుకుతూ రెండు నెలలు పోగొట్టుకున్నాను. తీరా చూస్తే, హెచ్‌ఎస్ అనే అంతర్జాతీయ సరుకుల కోడ్ల పట్టికకు ఆ ఏడు జరిగిన సవరణలో ఆ కోడ్‌ను తీసేసి, చల్లటి నీటి రొయ్యలకు 030616, మిగిలినవాటికి 030617 ఇచ్చారు. మన ఎండుమిర్చికీ అప్పుడే అదే గతి పట్టింది: 090420 పోయి, కాయలకు 090421, పొడికి 090422 వచ్చాయి. ప్లాంటులో షిప్పింగ్ బిల్లులు రాసే కుర్రాడిని అడిగి ఉంటే టీ తాగేలోపు తేలిపోయేది. ప్రొఫెసర్‌ను కదా, అడగడానికి నామోషీ!

అలాగే మన ఎగుమతి అంకె, అవతలి దేశపు దిగుమతి అంకె సరిపోలలేదని వెంటనే దొంగ లెక్కలనుకోకు. చాలా దేశాలు ఎగుమతిని ఓడకెక్కించేవరకు లెక్కగట్టే ఎఫ్‌ఓబీ విలువలోనూ, దిగుమతిని రవాణా, బీమా కలిసిన సీఐఎఫ్ విలువలోనూ నమోదు చేస్తాయి.

ఉద్యోగం సంగతికి వస్తే, మంచి పత్రికలో ఒక వ్యాసం అచ్చు కావడానికి ఏళ్లు పడుతుంది కనుక ముఖ్యమైన వ్యాసాన్ని మూడో ఏడాదికే మొదలుపెట్టు.

సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు రోజులు ఎక్కువ ఉండేలా టికెట్ తీసుకో. నా స్నేహితుడి చెరువులో అప్పుడు రొయ్యల పట్టుబడి ఉంది. కిలోకు 40 తూగే రొయ్యకూ, 100 తూగే రొయ్యకూ ధర ఎలా కడతారో అక్కడే కూర్చుని రాసుకుందువు గాని.

మీ మామయ్య