ఆఫ్రికా లఘుచిత్రాలు కథ చెప్పే తీరు: ఒక గుర్రబ్బండి, ఒక తలుపు, చెడగొట్టుకున్న నా సినిమా

ఆఫ్రికా లఘుచిత్రాలు మన షార్ట్ ఫిల్ముల కంటే భిన్నంగా ఎందుకు అనిపిస్తాయి, ఆ తీరంతా అక్కడి మౌఖిక కథా సంప్రదాయం నుంచి వచ్చిందేనా అని మీరు అడిగారు. 50కి పైగా దేశాలున్న ఖండానికంతటికీ ఒకే పద్ధతి ఉంటుందని నేను అనలేను. నాకు దగ్గరగా తెలిసినవి కొన్ని సెనెగల్ చిత్రాలు, ఒక కెన్యా చిత్రం. వాటిని కూడా పండితుడిగా కాక, ఒక చిన్న సినిమా తీసి, చెడగొట్టుకుని, మళ్లీ ఎడిటింగ్‌కు కూర్చున్నవాడిగా చూశాను.

ముందు ఆ చెడగొట్టుకున్న సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒక హమాలీ మీద 14 నిమిషాల చిత్రం తీశాను. మిరప ఘాటుకు మా బృందమంతా తుమ్ముతూనే ఉండటం వల్ల అక్కడ రికార్డు చేసిన శబ్దం దాదాపు ఏదీ పనికిరాలేదు. డబ్బింగులో సర్దుకుందామనుకుని బొమ్మ మీద హమాలీ గొంతుతో వ్యాఖ్యానం పెట్టాను. "మా బతుకులు ఈ బస్తాల కిందే నలిగిపోతున్నాయి" అనే ధోరణిలో సాగే ఆ వాక్యాలు, రాసినవాణ్ణి కనుక, నాకు ఎంతో నచ్చాయి. సినిమా చూసిన ఒక మిత్రుడు మాత్రం ఒక్కటే ప్రశ్న వేశాడు: "ఇంతకీ ఇతను ఎవరితో మాట్లాడుతున్నాడు?" నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకు సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబెన్ 1963లో తీసిన 'బోరోం సారెత్' చూశాను. సెనెగల్ రాజధాని డకార్‌లో గుర్రబ్బండి తోలుకుని బతికే ఒక మనిషి ఒక్క రోజును చూపించే ఈ నలుపు తెలుపు చిత్రం నిడివి సుమారు 20 నిమిషాలు. ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో కూలిపని చేసి, నవలలు రాసి, ఆ పైన మాస్కో వెళ్లి సినిమా నేర్చుకున్న సెంబెన్ ఈ చిత్రానికి శబ్దాన్ని తర్వాతే చేర్చారు. అంటే నాకు వచ్చిన ఇబ్బందే ఆయనకూ ఉండేది. కానీ ఆయన చిత్రంలో బండివాడి లోపలి గొంతు మనతో మాట్లాడదు. అది పొద్దున్నే దేవుణ్ణి తలుచుకుంటుంది, గుర్రాన్ని అదిలిస్తుంది, ఎక్కినవాడు డబ్బులు ఇస్తాడా ఎగ్గొడతాడా అని బేరీజు వేసుకుంటుంది. పనిలో ఉన్న మనిషి తనలో తాను గొణుక్కునే మాటలు ఎలా తెగిపోతూ ఉంటాయో ఈ మాటలూ అలాగే ఉంటాయి. చివరి భాగంలో ఆ గొంతులోకి కోపం వస్తుంది. అయితే అప్పటికి ఆ కోపానికి కారణమేమిటో మనం కళ్లారా చూసి ఉంటాం కనుక అది ఉపన్యాసంలా వినిపించదు.

మౌఖిక సంప్రదాయం గురించిన మీ ప్రశ్నకు కూడా ఈ చిత్రంలోనే ఒక చిక్కు జవాబు ఉంది. పశ్చిమ ఆఫ్రికాలో వంశాల కీర్తిని, చరిత్రను పాడే గ్రియోల గురించి మీరు వినే ఉంటారు. ఆఫ్రికా సినిమా గురించి రాసే ప్రతివారూ దర్శకుడు నేటి గ్రియో అని ఒక మాట అనేసి ముందుకు వెళ్లిపోతారు. ఈ చిత్రంలో గ్రియో చేసే పనేమిటో చూడండి. బండివాడు మొదట ఒక బిచ్చగాణ్ణి పట్టించుకోకుండా వదిలేస్తాడు. కాసేపటికి ఒక గ్రియో వచ్చి అతని పూర్వీకుల ఘనతను గొంతెత్తి పాడతాడు, చుట్టూ జనం మూగుతారు, బండివాడు పొంగిపోయి ఆ పూట సంపాదనను అతని చేతిలో పెట్టేస్తాడు. అక్కడ సెంబెన్ ఒక్క వ్యాఖ్య కూడా చేయరు. రెండు సన్నివేశాలనూ ఒకదాని దగ్గర ఇంకొకటి ఉంచి ఊరుకుంటారు. సంప్రదాయం కథ చెప్పే పద్ధతిగా పనికొస్తుందేమో గానీ, కథలోకి మనిషిగా వచ్చినప్పుడు అది జేబు ఖాళీ చేసి పోతుంది. కాబట్టి 'అంతా సంప్రదాయం నుంచే వచ్చింది' అన్న మాట నాకు సగమే నిజమనిపిస్తుంది.

నిర్మాణం విషయానికి వస్తే, ఎక్కేవాళ్లు దిగేవాళ్లే ఇందులో కథ. గర్భిణిని ప్రసూతి ఆసుపత్రికి చేరవేస్తాడు. చనిపోయిన పసిబిడ్డను చేతుల్లో పెట్టుకుని ఎక్కిన తండ్రిని శ్మశానం దగ్గర కాగితాలు సరిగా లేవని ఆపేస్తారు. ఆ తండ్రి కథ అంతటితో ఆగిపోతుంది, బండి ముందుకు సాగుతుంది. ఆ తర్వాత మంచి దుస్తులు వేసుకున్న ఒకాయన, గుర్రబ్బండ్లకు ప్రవేశం లేని ప్లాటో అనే సంపన్నుల పేటకు తీసుకుపొమ్మంటాడు. అక్కడ పోలీసు ఆపినప్పుడు బండివాడి యుద్ధ పతకం కింద పడుతుంది, దాని మీద పోలీసు బూటు పడుతుంది. ఫ్రెంచివాళ్ల తరఫున యుద్ధంలో పోరాడిన మనిషికి, స్వాతంత్ర్యం వచ్చిన మూడేళ్లకు సొంత పోలీసు చేతిలో దక్కిన మర్యాద ఆ ఒక్క షాట్‌లో ఉంది. ఆ షాట్‌ను నేను ఎన్నిసార్లు ఆపి చూశానో లెక్కలేదు. సెనెగల్‌లో మాట్లాడే వొలోఫ్ భాషలో 'బోరోం' అంటే యజమాని, 'సారెత్' అంటే బండి. బండిని అక్కడే లాగేసుకుంటారు కనుక సినిమా పేరు కూడా అతనికి మిగలదు.

ఇలా ఒక వస్తువు చేత కథను మోయించడం మరో సెనెగల్ దర్శకుడు జిబ్రీల్ జోప్ మాంబెటీ చేతిలో వేరే రకంగా కనిపిస్తుంది. 1994 జనవరిలో సెనెగల్‌లోనూ చుట్టుపక్కల కొన్ని దేశాల్లోనూ చెల్లే సీఎఫ్‌ఏ ఫ్రాంకు అనే కరెన్సీ విలువను సగానికి తగ్గించారు. ఆ ఏడాదే వచ్చిన 45 నిమిషాల చిత్రం 'ల ఫ్రాంక్'లో అద్దె బాకీ పడిన ఒక సంగీతకారుడు లాటరీ టికెట్ కొని, పోకుండా ఉండాలని దాన్ని తన గది తలుపుకు అతికించి, పైన ఒక జానపద వీరుడి బొమ్మ అంటిస్తాడు. టికెట్‌కు బహుమతి వస్తుంది గానీ అది తలుపు నుంచి ఊడిరాదు. ఇక చేసేదేముంది, తలుపునే వీపున వేసుకుని నగరమంతా నడుస్తాడు. నవ్వు వస్తుంది, కాసేపటికి అతని నడుము నొప్పి మనకూ తెలుస్తుంది. డబ్బు విలువ పడిపోవడం గురించి పాత్రల చేత చర్చలు చేయించి ఉంటే ఈ బరువు మన దాకా వచ్చేది కాదు.

మరో రెండింటి గురించి క్లుప్తంగా చెబుతాను. సెనెగల్ మూలాలున్న మాటీ జోప్ 2009లో తీసిన 'అట్లాంటిక్' అనే చిన్న చిత్రంలో రాత్రి సముద్రపుటొడ్డున మంట చుట్టూ కూర్చున్న యువకులు పడవ ప్రయాణం గురించి మాట్లాడుకుంటారు. అక్కడ చెప్పడమే సంఘటన, వినేవాడి ముఖమే దృశ్యం. మన బుర్రకథలో కథకుడి పక్కన వంతలు లేకపోతే కథ నడవనట్టే, ఇందులో వినేవాళ్లు లేకపోతే సినిమా లేదు. మౌఖిక సంప్రదాయం నిజంగా పనిచేసిన చోటు ఇదేనని నా ఉద్దేశం. ఇక వనూరి కహియు 2009లో తీసిన కెన్యా చిత్రం 'పుమ్జీ' నీళ్లు కరువైన భవిష్యత్తును చూపిస్తుంది. మాటలు చాలా తక్కువ. గుప్పెడు మట్టి, ఒక విత్తనం, కొలిచి వాడుకునే నీళ్లు మొత్తం కథను లాక్కుపోతాయి. దాని ముగింపు నాకు కాస్త అతిగా అనిపించింది, కానీ ఆ మట్టిని చూపించిన తీరును మరిచిపోలేను.

నా సినిమా దగ్గరికి తిరిగి వెళ్లినప్పుడు వ్యాఖ్యానంలో మూడు వంతులు తీసేశాను. హమాలీగా నటించినతన్ని మళ్లీ పిలిచి, కాగితం ఇవ్వకుండా, బస్తా మోసేటప్పుడు నిజంగా ఏమనుకుంటావో అది చెప్పమన్నాను. అతను లారీకి ఇంకా ఎన్ని బస్తాలు మిగిలాయో లెక్కపెట్టుకున్నాడు, ముఠా మేస్త్రీని ఒక తిట్టు తిట్టాడు, కూతురి స్కూలు ఫీజు తేదీ గుర్తు చేసుకున్నాడు. నా వాక్యాలన్నీ కలిపినా ఆ తిట్టుకు సాటి రాలేదు. చివరి షాట్‌లో అతను కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటాడు. ఎంత కడిగినా మిరప మంట పోదని యార్డులో పనిచేసేవాళ్లకు తెలుసు. తెలియనివాళ్ల కోసమని అక్కడ కూడా ఒక వాక్యం పెట్టి ఉన్నాను, దాన్ని కూడా తీసేశాను. ఇప్పుడు అక్కడ కుళాయి నీళ్ల చప్పుడు మాత్రమే ఉంది.