ఓదార్పుకైతే చుట్టాలు చాలు, సంఘం ఎందుకు?

"మా తమ్ముడికి రెటినైటిస్ పిగ్మెంటోసా, చూపు తగ్గిపోతోంది. హనుమకొండలో అంధుల సంఘంలో చేర్పిస్తే ధైర్యం వస్తుందా, వాళ్లందరినీ చూసి ఇంకా కుంగిపోతాడా?" అని అడిగారు. నాదీ అదే జబ్బు. కుంగిపోవడానికి ఇల్లు చాలండీ, సంఘం దాకా రానక్కరలేదు.

మా ఇంట్లో నన్ను ప్రేమగానే చూసుకున్నారు. అన్నం కలిపి పెట్టేవారు. జేబులో ఎంత ఉందో అమ్మ చెప్పేది. డిగ్రీ చదివినవాడిని, సందు చివరి కిరాణా కొట్టుకు వెళ్లడం కూడా మానేశాను. సంఘంలో మాత్రం ఎవరూ ఓదార్చలేదు. కోశాధికారి పదవి ఖాళీగా ఉందని తెచ్చి నా నెత్తిన పెట్టారు.

చందా 200 రూపాయలు. సుబేదారిలో అద్దె గది. అందరూ ఇచ్చిన నోట్లు నా ఒళ్లో పోసి లెక్క చెప్పమన్నారు. సేవ చేద్దామని వచ్చిన కాలేజీ కుర్రాడు "ఇటివ్వు అన్నా, నిమిషంలో లెక్కపెడతా" అన్నాడు. ప్లాస్టిక్ వైరుతో కుర్చీలు అల్లే పెద్దాయన ఒకరు మాకు ఉన్నారు, పుట్టు అంధులు. "నువ్వు కూర్చుని టీ తాగు బాబూ. ఆయనకు జీతమూ లేదు, తొందరా లేదు" అన్నారు.

ఏ నోటో మేం తడిమి, పొడవును బట్టి పోల్చుకోవాలి. 200 నోటు పొడవు 146 మిల్లీమీటర్లు, 500 నోటు 150. వెడల్పు రెండింటికీ 66. పాత వందకూ పాత ఐదువందలకూ సెంటీమీటరు తేడా ఉండేది. 2016 తర్వాత కొత్త నోట్లు వేసినవారు ఎవరి వేళ్లతో కొలిచారో గానీ దాన్ని గోరంత చేశారు. అంచున ఉబ్బెత్తు గీతలు పెట్టామంటారు, 200కు నాలుగు, 500కు ఐదు. ఎనుమాముల మార్కెట్లో నాలుగు చేతులు మారాక అవి ఎక్కడుంటాయి? రిజర్వు బ్యాంకు 2020లో 'మణి' అనే యాప్ తెచ్చింది, కెమెరా ముందు పెడితే ఏ నోటో చెబుతుంది. కిక్కిరిసిన బస్సులో కండక్టరు ముందు అది తెరిచి చూడండి, దిగాల్సిన స్టేజీ దాటిపోతుంది.

పెద్దాయన ఒక నోటును నమూనాగా నా చేతిలో పెట్టారు. రెండో నోటును దాని మీద అంచుకు అంచు కలిపి, అవతలి కొసన గోరు ఆనించి చూడమన్నారు. పరకాల బస్సు పోతుందని ఒకరు సణిగారు, నర్సంపేట వాళ్లు లేచి నిలబడ్డారు. అయినా నా చేతిలో నోటు ఎవరూ లాక్కోలేదు. చివరికి లెక్క 300 ఎక్కువ తేలింది. ఎవరో రెండువందలనుకుని ఐదువందలు ఇచ్చారన్నమాట. అందరూ జేబులు తడుముకున్నాక దొరికింది ఎవరు? మా కార్యదర్శి. ఆయనది లో విజన్, గదిలోని సభ్యుల్లో అంతో ఇంతో కనిపించేది ఆయన ఒక్కడికే. ట్యూబులైటు కింద కళ్లకు దగ్గరగా పెట్టి చూసి మరీ ఇచ్చాడు! ఆ నవ్వులకు పక్క వాటా వాళ్లు తలుపు కొట్టారు.

అన్నట్టు, మా సంఘాల్లో పెద్ద పదవులన్నీ ఇలా కాస్త చూపున్నవారికే పోతాయి. నాకిది నచ్చదు. పుట్టినరోజు నాడు ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకొచ్చి తెల్లకర్రలు పంచే నాయకులు అంతకన్నా నచ్చరు. కర్ర నేల మీద నిలబెడితే రొమ్ము ఎముక దాకా రావాలి. ఆరడుగుల మనిషికీ పదేళ్ల పిల్లకూ ఒకే కొలత పంచితే అది దేనికి?

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకిచ్చే 4 శాతంలో అంధులకూ లో విజన్ వారికీ కలిపి 1 శాతం ఉందని, మనం చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్‌తో పరీక్ష రాస్తే గంటకు 20 నిమిషాలు అదనమని నాకు కళ్ల డాక్టరు చెప్పలేదు, కాలేజీ వాళ్లూ చెప్పలేదు. ఆ గదిలోనే టీ తాగుతూ విన్నాను. మా దగ్గరికి ఆడపిల్లలు మాత్రం అరుదుగా వస్తారు, ఇంట్లో పంపరు. తమ్ముడి గురించి అడిగేవారే గానీ చెల్లెలి గురించి అడిగినవారిని నేను చూడలేదు.

మీ తమ్ముడిని గుమ్మం దాకా తీసుకురండి. పేరూ ఊరూ అడిగితే అతన్నే చెప్పనివ్వండి, మీరు అందుకోకండి. చందా డబ్బు కూడా అతని చేతికే ఇవ్వండి. ఐదువందల నోటే ఉన్నా ఫరవాలేదు, చిల్లర నేనిస్తాను.